సిరప్ చేరిన ఊరికి పరీక్ష చేరలేదు

2025 డిసెంబర్ 28 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి యాంటీబయాటిక్‌ల ప్రస్తావన తెచ్చారు. న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటి జబ్బుల మీద ఈ మందుల పట్టు సడలుతోందని ఐసీఎంఆర్ నివేదిక చెబుతోందనీ, డాక్టరు చెప్పనిదే వాటిని వాడవద్దనీ జనానికి హితవు పలికారు. అంతకు నెల ముందే కేంద్రం ఈ మందులకు లొంగని నిరోధకత మీద 2025–29 కాలానికి రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. పాలకుల నోట ఈ మాట రావడం మంచిదే. అయితే అదే మాటను చంద్రాపూర్ జిల్లా జివతి గుట్టల మీద, కాగిపోతున్న పది నెలల పాపను ఒళ్లో వేసుకుని కూర్చున్న తల్లికి చెప్పి చూడండి. డాక్టరు ఎక్కడున్నాడని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్నకు మన్ కీ బాత్‌లో జవాబు లేదు.

చంద్రాపూర్ పేరు చెబితే మన పాఠకులకు బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం, బల్లార్షా స్టేషన్ గుర్తుకొస్తాయి. ఆ జిల్లా దక్షిణపు అంచు మాత్రం నిన్నమొన్నటి దాకా మనదే. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా భాగం. గనులకు, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు కూలికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవేనంటున్న సరిహద్దు గ్రామాల్లో జనానికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు రాష్ట్రాల ఓట్లు ఉన్నాయి. రెండు ప్రభుత్వాలున్న చోట కూడా పసిపిల్లల మూత్రం తీసి, కల్చర్ చేసి, అంటే అందులోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి, ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఏర్పాటు ఇంటికి దగ్గరలో ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కల్చర్ చేయరు. అది జిల్లా ఆసుపత్రి స్థాయి పని.

ఈ చిన్న లోటులోనే యాంటీబయాటిక్ నిరోధకత కథ సగానికి పైగా ఇమిడి ఉందని నా వాదన.

పసిపిల్లల మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లో మాయ ఏమిటంటే అది తన చిరునామా చెప్పదు. ఐదేళ్ల పిల్ల అయితే ఒంటికి పోసేటప్పుడు మంట అని ఏడుస్తుంది, పక్క తడుపుతుంది, పొత్తికడుపు పట్టుకుంటుంది. ఏడాది లోపు బిడ్డకు తరచూ జ్వరం తప్ప వేరే గుర్తు ఉండదు. ఒక్కోసారి వాంతులు, పాలు తాగకపోవడం, అంతే. జ్వరంతో వచ్చే పసిపిల్లల్లో దాదాపు 7 శాతం మందికి అసలు కారణం మూత్రంలోనే ఉంటుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. మిగతా 93 మందిలో ఎక్కువమందికి వైరస్ జ్వరాలే. ఆ 93 మందిలోంచి యాంటీబయాటిక్ తప్పనిసరైన ఈ ఏడుగురిని వేరుచేసే పని మూత్ర పరీక్ష చేస్తుంది. ఆ పరీక్ష లేని చోట రెండే దారులు. నూటికి నూరుమందికీ మందు పోయడం ఒకటి. ఎవరికీ పోయకుండా ఆ ఏడుగురి మూత్రపిండాలను దేవుడికి వదిలేయడం రెండోది. మనవాళ్లు మొదటిది ఎంచుకున్నారు. వాళ్ల స్థానంలో ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

కాస్త పెద్ద పిల్లల విషయంలో మనకు ఇంకో అలవాటుంది. మూత్రంలో మంట అనగానే ‘వేడి చేసింది’ అంటాం. సబ్జా గింజలు నానబెట్టి ఇస్తాం, బార్లీ నీళ్లు కాస్తాం. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలైన చంద్రాపూర్‌లో ఆ మాటకు బలం కూడా ఎక్కువే. నీళ్లు తాగించడంలో తప్పేమీ లేదు, మేలే. జ్వరం కూడా తోడైతే మాత్రం బార్లీ నీళ్లతో రోజులు నెట్టడం కుదరదు. జ్వరం మొదలై రెండు మూడు రోజులు దాటినా సరైన మందు పడకపోతే మూత్రపిండం మీద మచ్చ పడే ముప్పు పెరుగుతుందని 2016లో అమెరికా పిల్లల మీద వచ్చిన అధ్యయనం చూపింది. ఆ మచ్చలు ఎక్కువైతే ఏళ్ల తరవాత రక్తపోటుగా, మూత్రపిండాల బలహీనతగా తేలవచ్చు.

ఇప్పుడు సీసాల సంగతి. జలుబు, దగ్గు వస్తే అజిత్రోమైసిన్. జ్వరం తగ్గకపోతే సెఫిక్సిమ్ డ్రై సిరప్. విరేచనాలైతే ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ సిరప్. సరిహద్దుకు అటూ ఇటూ ఏ మెడికల్ షాపు అలమర చూసినా ఈ మూడూ ముందు వరసలో ఉంటాయి. పిల్లల జలుబులో ఎక్కువ భాగం వైరస్‌దే. మామూలు విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు అజిత్రోమైసిన్ పనికొచ్చే మందే కాదు. సెఫిక్సిమ్ పరిస్థితి మరీ విచారకరం. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు నోటి ద్వారా ఇవ్వదగ్గ కొద్ది మందుల్లో అదొకటి, అంటే అసలు అవసరానికి దాచుకోవలసినది. 2019లో మన దేశపు ప్రైవేటు రంగ అమ్మకాలను పరిశీలించిన అధ్యయనంలో అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర మొదటి స్థానంలో, సెఫిక్సిమ్ 200 మాత్ర రెండో స్థానంలో నిలిచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాగ్రత్తగా వాడమని ‘వాచ్’ జాబితాలో పెట్టిన మందులే మొత్తం వాడకంలో 54.9 శాతం. ఈ జాబితాలో లేని, ధైర్యంగా ముందు వాడుకోదగ్గ ‘యాక్సెస్’ మందుల వాటా 2030 నాటికి 70 శాతం ఉండాలని 2024 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. మనం ఎక్కడున్నామో ఆ రెండు అంకెలే చెబుతాయి.

దగ్గుకు తాగిన మందుకూ మూత్రాశయంలోని సూక్ష్మజీవికీ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం పేగుల్లో ఉంది. పిల్లల మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో పదింట ఎనిమిదికి పైగా ఈ-కోలి బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అది పుట్టి పెరిగేది పెద్దపేగులో. అక్కణ్ణుంచి చర్మం మీదుగా మూత్రమార్గంలోకి పాకుతుంది. ఆడపిల్లల్లో ఆ దారి పొట్టిది కాబట్టి వాళ్లకు బెడద ఎక్కువ. జనవరిలో దగ్గుకని పోసిన మందు పేగులోని బలహీనమైన ఈ-కోలిని తుడిచిపెట్టి, మందుకు లొంగని వాటికి ఖాళీ స్థలం చేసిపెడుతుంది. మార్చిలో ఇన్ఫెక్షన్ వస్తే, వచ్చేది ఆ లొంగనిదే కావచ్చు.

ఇది ఊహ కాదనడానికి 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష గట్టి ఆధారం. బ్రిస్టల్, ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 26 దేశాల నుంచి 58 అధ్యయనాలను, పిల్లల మూత్రంలో దొరికిన 77,783 ఈ-కోలి నమూనాల వివరాలను ఒక చోట చేర్చారు. అంతకు ముందు నెలలో యాంటీబయాటిక్ తాగిన పిల్లల్లో నిరోధక బ్యాక్టీరియా కనిపించే అవకాశం తాగనివారితో పోలిస్తే 13 రెట్లు. ఆ ప్రభావం ఆరు నెలల దాకా పూర్తిగా పోలేదు. సంపన్న దేశాలకూ మిగతా దేశాలకూ తేడా మరింత కలవరపెడుతుంది. కో-అమాక్సిక్లావ్‌కు లొంగని ఈ-కోలి సంపన్న దేశాల్లో 8.2 శాతం, మిగతా చోట్ల 60.3. సిప్రోఫ్లాక్సాసిన్‌కు అక్కడ 2.1, ఇక్కడ 26.8. ఆంపిసిలిన్ సంగతి చెప్పనక్కరలేదు, సంపన్న దేశాల్లోనే సగం పోయింది, మిగతా చోట్ల 80 శాతానికి చేరింది. నైట్రోఫ్యురాంటాయిన్ అనే పాత మందు ఒక్కటే రెండు చోట్లా కాస్త నిలబడింది. అయితే అది మూత్రాశయం దాటి మూత్రపిండపు కణజాలంలోకి సరిపడా చేరదు. జ్వరంతో ఉన్న పసిపాపకు ఇవ్వదగ్గది కాదు.

మందు తాగించేది మంచి ఉద్దేశంతోనైనా లెక్క మారదు. మూత్రం వెనక్కి మూత్రపిండాలవైపు ఎగదన్నే లోపమున్న 607 మంది పిల్లల మీద అమెరికాలో జరిగిన ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. రోజూ కొద్దిపాటి కో-ట్రైమాక్సజోల్ రెండేళ్లు ఇస్తే ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం సగానికి తగ్గింది. కానీ మళ్లీ ఈ-కోలి ఇన్ఫెక్షన్ వచ్చినవారిని చూస్తే, మందు వాడినవారిలో 63 శాతం మందికి ఆ మందుకే లొంగని రకం వచ్చింది, ఉత్తుత్తి మందు వాడినవారిలో 19 శాతానికే. ప్రతి బిడ్డకూ ముందుజాగ్రత్త మందు అన్న పాత పద్ధతిని వైద్యులు సడలించుకోవడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

నిరోధక జన్యువుల ప్రపంచ చరిత్రలో మన దేశం పేరు చెరగనిది. సెఫిక్సిమ్ వంటి సెఫలోస్పోరిన్‌లను నిర్వీర్యం చేసే సీటీఎక్స్-ఎం-15 ఎంజైమును తొలిసారి గుర్తించింది ఢిల్లీ నమూనాల్లో. కార్బపెనెమ్‌లను కూడా విరిచేసే ఎన్‌డీఎం-1 వెలుగు చూసింది 2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు వెళ్లిన భారత సంతతి రోగిలో. అది దొరికింది ఆయన మూత్రంలోనే. పేరులో న్యూఢిల్లీ ఎందుకు పెట్టారని 2010లో మన ప్రభుత్వం అలిగింది. అలకలో ఖర్చుపెట్టిన శ్రద్ధలో కొంత ల్యాబుల మీద పెట్టి ఉంటే ఈపాటికి ప్రతి జిల్లాకూ ఒక పట్టిక చేతిలో ఉండేది.

పట్టిక అంటే యాంటీబయోగ్రామ్. ఈ ప్రాంతంలో ఈ ఏడాది ఏ సూక్ష్మజీవి ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చెప్పే కాగితం. ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టిన నిఘా వ్యవస్థలో చంద్రాపూర్‌కు దగ్గరలో ఉన్నది వార్ధా జిల్లా సేవాగ్రామ్‌లోని మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థ. మనవైపు హైదరాబాద్ నిమ్స్. రెండూ పెద్ద ఆసుపత్రులు, రెండింటి పనీ మంచిదే. చిక్కు ఎక్కడంటే పెద్దాసుపత్రికి చేరే మూత్రం మామూలు మూత్రం కాదు. రెండు సిరప్‌లు విఫలమై, ఒకటి రెండు ఇంజెక్షన్లు పడి, జ్వరం తగ్గక వచ్చినవాళ్లదీ, ఐసీయూలో గొట్టాలు వేసుకున్నవాళ్లదీ అక్కడికి వస్తుంది. ఆ లెక్కల్లో నిరోధకత సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది. దేశంలో ఈ మందు పనిచేయడం లేదట అన్న వార్త చదివిన పల్లె వైద్యుడు, తొలిసారి ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లకు కూడా ఇంకా పెద్ద మందు రాస్తాడు. దాంతో వచ్చే ఏడాది లెక్క మరింత పాడవుతుంది. రాజురాలో మొదటిసారి జబ్బుపడిన బిడ్డ ఈ-కోలి ఏ మందుకు లొంగుతుందో చెప్పే లెక్క సేవాగ్రామ్ నివేదికలోంచి రాదు. రాజురాలోనే పుట్టాలి. నిరోధకత మీద మనం రాస్తున్న సంపాదకీయాలు, ఇది సహా, ఈ తేడాను తరచూ మింగేస్తాయి. 2023లో ప్రయోగశాలలో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచమంతటా ఆరింట ఒకటి, ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి మందుకు లొంగనివని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ వాక్యంలో ‘ప్రయోగశాలలో తేలిన’ అన్న మాట చిన్నది, బరువు పెద్దది.

అమ్మకాల మీద ఉక్కుపాదం మోపితే చాలదా అనేవాళ్లున్నారు. చట్టం ఇప్పటికే ఉంది. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్ వంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కేరళ 2018లోనే సొంత కార్యాచరణ ప్రణాళిక వేసుకుని, 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరిట చీటీ లేకుండా అమ్మే దుకాణాలపై దాడులు చేసింది. అమ్మకాలు తగ్గాయి. కేరళలో అది సాగడానికి కారణం దుకాణం మూసినా పక్క వీధిలో డాక్టరు దొరకడం. జివతి కొండల మీద కోలాం గూడేనికి ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే మూసుకునేది ఒకే ఒక్క తలుపు.

డాక్టరు లేని చోట ఏం చేయవచ్చో చెప్పే చరిత్ర పక్కనే ఉంది. 1982 దాకా చంద్రాపూర్‌లో భాగమైన గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ‘సెర్చ్’ సంస్థ ద్వారా చేసిన పని అది. పల్లె ఆరోగ్య కార్యకర్తలకు న్యుమోనియా గుర్తులు నేర్పి, కో-ట్రైమాక్సజోల్ వాళ్ల చేతికిచ్చారు. పిల్లల మరణాలు తగ్గాయని 1990లో లాన్సెట్‌లో ప్రకటించారు. తరవాత 39 గ్రామాల్లో నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ, అవసరమైతే జెంటామైసిన్ ఇంజెక్షన్‌తో సహా, అందించి ఆ మరణాలను 62 శాతం తగ్గించినట్టు 1999లో చూపారు. డాక్టరు కాని మనిషి చేతిలోని యాంటీబయాటిక్ ప్రాణం పోసింది. అక్కడ మందు ఒంటరిగా వెళ్లలేదు మరి. శ్వాస ఎలా లెక్కపెట్టాలో, ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో కూడా దానితో పాటు ఊరికి చేరాయి. మూత్రనాళ ఇన్ఫెక్షన్ విషయంలో శ్వాస లెక్కకు బదులు కావలసింది ఒక రంగుపట్టీ. మూత్రంలో ముంచితే తెల్ల కణాల గుర్తు, నైట్రైట్ గుర్తు రెండు నిమిషాల్లో చెప్పే డిప్‌స్టిక్. ఉచిత రోగనిర్ధారణ పథకం కింద ఉపకేంద్రంలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63 పరీక్షలు జరగాలని జాతీయ ఆరోగ్య మిషన్ జాబితా ఇచ్చింది. గర్భిణుల మూత్రంలో చక్కెర, ఆల్బుమిన్ చూసే పట్టీలు ఉపకేంద్రాలకు కొత్త కాదు. జ్వరం వచ్చిన రెండేళ్ల లోపు బిడ్డకు కూడా అటువంటి పట్టీ ఒకటి ముంచి చూడమనడం గొంతెమ్మ కోరిక కాదు. కొద్ది నెలల పసికందుల్లో కొన్ని కేసులు ఆ పట్టీకి దొరకవు. కాబట్టి వాళ్లను కల్చర్ ఉన్న చోటికే పంపాలి.

కల్చర్‌కు పంపడంలో ఈ ప్రాంతపు ఎండే పెద్ద శత్రువు. అనువైన వేడిలో ఈ-కోలి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. మూడు గంటలు జీపులో కూర్చున్న సీసాలో అది లెక్క ప్రకారం అయిదు వందల రెట్లవుతుంది. మిల్లీలీటరుకు లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అని చదివే ల్యాబులో, తీసేటప్పుడు చర్మం నుంచి అంటిన కొద్దిపాటి క్రిములే ఆ హద్దు దాటి కూర్చోవచ్చు. జబ్బులేని బిడ్డకు జబ్బు అంటగట్టి ఇంకో యాంటీబయాటిక్ రాయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. మూత్రాన్ని గంటలోపు ల్యాబుకు చేర్చాలి, లేదా 4 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. టీకాల కోసం ఈ దేశం మారుమూల ఊళ్ల దాకా చల్లదనం మోసుకెళ్తోంది. పోలియో చుక్కలకు దొరికిన ఐస్‌ప్యాక్ మూత్రం సీసాకు ఎందుకు దొరకదో ఆరోగ్య శాఖలు చెప్పాలి. మహారాష్ట్రలో ‘మహాలాబ్’ పేరిట ఆరోగ్య కేంద్రాల నుంచి నమూనాలు తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. తెలంగాణ 2018లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన టీ-డయాగ్నోస్టిక్స్‌ను 2021లో జిల్లాలకు, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా, విస్తరించింది. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. అందులో ఒక చల్లటి పెట్టె, దిగేచోట ఒక మైక్రోబయాలజిస్టు కావాలి. చంద్రాపూర్‌లో 2015 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది.

పసిబిడ్డ దగ్గర మూత్రం పట్టడం కూడా విద్యే. అడుగున సంచి అంటించి పట్టిన మూత్రాన్ని కల్చర్‌కు పంపవద్దని భారత పిల్లల మూత్రపిండ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. చర్మం మీది క్రిములన్నీ అందులో కలుస్తాయి. కడిగి, ధార మధ్యలో గిన్నె పట్టాలి. ఆస్ట్రేలియాలో 2017లో చల్లటి తడి గుడ్డతో పొత్తికడుపు కింద రుద్దితే అయిదు నిమిషాల్లో 31 శాతం పిల్లలు పోశారని, రుద్దకపోతే 12 శాతమేనని ప్రయోగం చేసి మరీ నిరూపించారు. కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ‘ఉస్స్’ అంటూ పోయించే మన అమ్మమ్మలను ఆ ప్రయోగంలో మూడో జట్టుగా చేర్చి ఉంటే ఫలితం చూడముచ్చటగా ఉండేది. పరిహాసం పక్కన పెడితే, ఆశా కార్యకర్తకు ఇది నేర్పడానికి ఒక పూట చాలు. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. మూత్రం పట్టాకే మొదటి మోతాదు. ఒక్క చెంచా సిరప్ పడినా కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు, ఆ తరవాత అంతా గుడ్డిగానే సాగాలి.

మందు ఎన్నాళ్లు వాడాలన్నది ఇప్పుడు తెరిచి చూడవలసిన ప్రశ్న. కోర్సు పూర్తి చేయమని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అమెరికాలో 2023లో వచ్చిన ప్రయోగంలో అయిదో రోజుకు కోలుకున్న పిల్లలకు అక్కడే ఆపితే 4.2 శాతం మందికి, పది రోజులు వాడితే 0.6 శాతం మందికి ఇన్ఫెక్షన్ నిలిచింది. పది రోజులదే పైచేయి, అయినా అయిదు రోజుల వైఫల్యం కూడా చాలా తక్కువే. ఇలాంటి ఫలితాన్ని బట్టి రోజులు తగ్గించే అధికారం పరీక్ష చేయించి, మళ్లీ చూసే డాక్టరుకే ఉంటుంది. జ్వరం తగ్గిందని మూడో రోజున సీసా మూత బిగించి అటక మీద పెట్టి, వచ్చే నెల చెల్లెలికి పోసే ఇంటికి ఆ వెసులుబాటు లేదు.

మందుల అవసరమే తగ్గించే సంగతులు రెండు. బడిలో నీళ్ల కుళాయి, తలుపు గడియ పడే మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్ల సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటుంది, నీళ్లు తాగడమే మానేస్తుంది. విద్యాహక్కు చట్టం 2009లోనే వేరు మరుగుదొడ్లు తప్పనిసరి చేసింది. మలబద్ధకం సంగతి తల్లులకు చెప్పేవాళ్లే లేరు. గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని నొక్కి పూర్తిగా ఖాళీ కానివ్వదు. అలాంటి పిల్లల్లో ఆ ఒక్కటి సరిచేస్తే తిరగబెట్టే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి.

తల్లులను, దుకాణదారులను తప్పుపట్టే ముందు మందుల ఫ్యాక్టరీలను చూడాలి. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. జనానికి రేడియోలో సంయమనం బోధించే ప్రభుత్వం ఆ పేజీని తిరిగి రాయడానికి ఎవరి అనుమతి కావాలి?

చంద్రాపూర్ వైద్య కళాశాల, ఆదిలాబాద్ రిమ్స్ ఏడాదికొకసారి కలిసి ఒక పట్టిక వేయాలి. అందులో ఆసుపత్రిలో పడుకున్నవారి నమూనాలు ఒక వరస, ఊళ్ల నుంచి తొలిసారి జబ్బుపడి వచ్చిన పిల్లల నమూనాలు వేరే వరస. రాజురా బిడ్డ కాగజ్‌నగర్ బంధువుల ఇంట్లో జబ్బుపడుతుంది, ఆసిఫాబాద్ బిడ్డ బల్లార్షాలో మందు తాగుతుంది, కాబట్టి రెండు జిల్లాలకు రెండు కాగితాలు పనికిరావు. అది మరాఠీలోనూ తెలుగులోనూ అచ్చయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీదికీ, ప్రైవేటు డాక్టరు బల్ల మీదికీ, మెడికల్ షాపు కౌంటరు మీదికీ చేరాలి. కొత్త జాతీయ ప్రణాళిక గడువు 2029. మొదటి పట్టికకు పెద్ద బడ్జెట్ అక్కరలేదు, రెండు కళాశాలల మైక్రోబయాలజీ విభాగాలు ఒకరికొకరు ఉత్తరం రాసుకుంటే మొదలవుతుంది.